తెఱువని కిటికీలు

కరోనా భయము తీఱి యేండ్లు గడచినవి. విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము జారీచేయుచు వచ్చిన కట్టడి యుత్తరువులు 2022 మార్చి 31వ తేదీతో ముగిసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి తొలగినదని ప్రకటించినది. ముఖమునకు గట్టిన గుడ్డలను మనము పాఱవైచితిమి. అంగళ్ల ముంగిట సున్నముతో గీచిన వలయములు మొదటి వానలకే చెఱిగిపోయినవి. కాని యా దినములలో “ప్రస్తుతమున కింతే” యని చెప్పి మూసిన కిటికీలు కొన్ని నేటికిని తెఱచుకొనలేదు. రోగము పేర వచ్చిన అసౌకర్యము, రోగము పోయిన తరువాత ఆచారమై కూర్చున్నది. దీనిని గూర్చియే మేమీ వారము ప్రస్తావింపదలచితిమి.

క్రోసూరునే తీసికొందము. సత్తెనపల్లికిని అచ్చంపేటకును నడుమ నున్న యీ మండల కేంద్రము ప్రత్తియు మిరపయు పండించు పల్లెలకు దిక్కు. రైలు లేదు; పెదకూరపాడునకో సత్తెనపల్లికో పోయి బండి యెక్కవలెను. ఇట్టి యూళ్లలో జనులు బ్యాంకునకు పోయినను, కరెంటు బిల్లు కట్టబోయినను, రైలు టిక్కెట్టు కొనబోయినను, ఎదుట నొక మనుష్యుడుండి మాట విని బదులు చెప్పుననియే పోవుదురు. ఆ మనుష్యుడే యిప్పుడు కానరాకున్నాడు.

టెలిఫోను చేసినచో యంత్రము పలుకును. తెలుగునకు ఒకటి నొక్కుమనును, ఫిర్యాదునకు నాలుగు నొక్కుమనును. నొక్కి నొక్కి వ్రేలు నొచ్చిన పిదప, మా ప్రతినిధులందఱు నితరులతో మాటలాడుచున్నారు, మీ పిలుపు మాకు మిక్కిలి విలువైనది అని చెప్పి పాట వినిపించును. 2020లో ఉద్యోగులు కార్యాలయములకు రాలేక యిండ్లనుండి పని చేసినప్పుడు ఈ జాప్యమును ప్రజలు సహించిరి, సహించుట న్యాయము. ఉద్యోగులు తిరిగి వచ్చిరి. జాప్యము మాత్రము పోలేదు.

బ్యాంకులలో “ఇక్కడ కాదు, ఫోనులో చేసికొనుడు” అను మాట వృద్ధులకు వినవినగా అలవాటైపోయినది. ఫోను చేతనున్న మాత్రమున ఏమి ప్రయోజనము? అడిగిన ప్రతి పనికిని కావలసిన ఓటీపీ యను అంకెలు హైదరాబాదులోనున్న కుమారుని నంబరునకు పోవును. కుమారుడు పనిలో నుండును. ఆ యంకెలకు ఆయుర్దాయము కొద్ది నిమిషములే. అవి యచటనే పుట్టి యచటనే గిట్టును. తండ్రి యిచట నిలుచుండును. ఆ పని యేదో ఎవరిచేతనైన చేయించుకొందమని పరుల చేతికి ఫోను నిచ్చి, ఉన్న సొమ్ము పోగొట్టుకొనిన వారి కథలు పత్రికలలో దినదినము వచ్చుచునే యున్నవి.

చిల్లర సంగతి యొకటి గలదు. పూర్వము రూపాయి చిల్లర లేనిచో అంగడివాడు పిప్పరమెంటు బిళ్లనైన చేతిలో పెట్టెడివాడు. ఇప్పుడు బిళ్లయు లేదు. ఫోనులో కొట్టుమనును. నోటు ముట్టినచో రోగ మంటుకొనునన్న భయమున మొదలైన మాట, భయము పోయిన తరువాత బేరముగా మిగిలినది.

మేము ఫోను చెల్లింపులకు విరోధులము కాము. ఆ మాట స్పష్టముగ చెప్పవలెను. లేనిచో మమ్ము పాతకాలపు వారని త్రోసిపుచ్చుట సులభమగును. 2016లో మొదలైన యూపీఐ పద్ధతిని దేశము మెచ్చుకొన్నది. 2020 మార్చి నెలలో దాని మూలమున జరిగిన చెల్లింపులు సుమారు 125 కోట్లు. 2025 ఆగష్టు నెలలో అవి 2,000 కోట్లు దాటినవి. ఎవరును బలవంతపెట్టకయే జనులు దీనిని చేపట్టినారు. టీ నీళ్ల కొట్టువాడును, గంపలో కూరలమ్ము స్త్రీయు దీనిచే బాగుపడినారు. అయినను క్రొత్త త్రోవ వేయుట వేఱు, పాత త్రోవకు ముండ్ల కంప నడ్డము పెట్టుట వేఱు. మా తగవు ముండ్ల కంపతోనే.

ఇందు వింతయైన సంగతి యొకటి పాఠకులు గమనింపవలెను. ఆ విపత్కాలమున జనులకు మేలు చేయు సడలింపులును వచ్చినవి, కష్టము కలిగించు కట్టడులును వచ్చినవి. 2020 మార్చి 24వ తేదీన కేంద్ర ఆర్థిక మంత్రిణి యొక ప్రకటన చేసినారు: ఏ బ్యాంకు ఏటీఎమునందు సొమ్ము తీసినను రుసుము లేదు, ఖాతాలో కనీసపు నిలువ లేకున్నను జరిమానా లేదు; ఇది మూడు నెలల వఱకు. మూడు నెలలు కాగానే గడువు తీఱినది. అప్పుల వాయిదాల సడలింపు మార్చిలో వచ్చి ఆగష్టు నెలాఖరుతో ముగిసినది. ఇవి యన్నియు తేదీలు వ్రాసికొని వచ్చి, తేదీ ప్రకారము పోయినవి. కష్టము కలిగించునవి మాత్రము “తదుపరి యుత్తరువుల వఱకు” అను రీతిని వచ్చినవి. ఆ తదుపరి యుత్తరువు ఎన్నటికి వచ్చునో చెప్పువారు లేరు. ఇచ్చునప్పుడు క్యాలెండరు చూచి యిచ్చినవారు, పుచ్చుకొనునప్పుడు క్యాలెండరును గోడనుండి తీసివైచినారా యని మేమడుగుచున్నాము.

రైల్వేల విషయమున ఇది మఱింత స్పష్టము. 2020 మార్చి 20వ తేదీకి ముందు, అరువది యేండ్లు నిండిన పురుషునకు టిక్కెట్టు మూల్యములో నూటికి 40, ఏబది యెనిమిది నిండిన స్త్రీకి నూటికి 50 తగ్గింపు ఉండెను. ఆ దినమునుండి దానిని నిలిపివేసినారు. అప్పుడు చెప్పిన కారణము మంచిదే: వృద్ధులకు వ్యాధి ప్రమాదము హెచ్చు గనుక వారు అనవసరముగ ప్రయాణము చేయకుండవలెనని. విద్యార్థులకు, కొన్ని వ్యాధులు గలవారికి, కొందఱు వికలాంగులకు మాత్రము రాయితీ నుంచినారు. ఆనాడు దీనిని తప్పుపట్టినవారు లేరు. వృద్ధుని యింట నుంచుటకు టిక్కెట్టు ధర పెంచుట యొక యుపాయము, సరే.

తరువాత నేమి జరిగెనో చూడుడు. ఏసీ పెట్టెలలో దుప్పట్లు, తలగడలు, తెరలు నిలిపివేయగా ప్రయాణికులు గొణిగిరి. 2022 మార్చి 10వ తేదీన దుప్పట్లు మఱల నిచ్చుటకు ఉత్తరువైనది. రెండేండ్లలో దుప్పటి వచ్చినది. నిలిచిపోయిన పాసింజరు బండ్లు మఱల నడచినప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషలు అను పేరు తగిలించుకొని వచ్చినవి. ఆగుచోట్లు అవియే, నడక అదియే. కనీసపు టిక్కెట్టు మాత్రము 10 రూపాయలుండినది 30 రూపాయలయ్యెను. 2024 ఫిబ్రవరిలోగాని పాత ధర రాలేదు. పేదవాని పది రూపాయల టిక్కెట్టునకు నాలుగేండ్లు పట్టినది. ఇక వృద్ధుల రాయితీ, ఐదేండ్లు గడచి 2025 వచ్చినను, రానే లేదు. ఎవరి కేక యెంతదూరము వినిపించునో ఈ మూడింటిని ప్రక్కప్రక్క నుంచి చూచినచో తెలియును.

సమాచార హక్కు చట్టము క్రింద వెల్లడియైన లెక్కలను బట్టి, 2020 మార్చి మొదలు 2025 ఫిబ్రవరి వఱకు ఈ రాయితీ నిలుపుదల మూలమున వృద్ధులనుండి రైల్వేలకు అదనముగ చేరిన సొమ్ము ఇంచుమించు 8,900 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద యంకె మన కంటికి ఆనదు. చిన్న లెక్క వేయుదము. మూల ఛార్జీ 400 రూపాయలని యనుకొందము. వృద్ధ దంపతు లిరువురు పెదకూరపాడున బండి యెక్కి హైదరాబాదునకు బిడ్డల యొద్దకో, వైద్యమునకో పోయి రావలెను. పూర్వమైనచో ఆయనకు 240, ఆమెకు 200. రాకపోకలకు 880 రూపాయలు. ఇప్పుడు 1,600. హెచ్చైన 720 రూపాయలు ఇంచుమించు రెండు దినముల మిరపకోత కూలి. కోత కోయు వయస్సు దాటినవారినుండి ఆ కూలిని రాబట్టుచున్నారు.

రైల్వేవారి సమాధానము లేకపోలేదు. ప్రతి ప్రయాణికుడును ఒక రాయితీ పొందుచునే యున్నాడనియు, నూఱు రూపాయల ఖర్చునకు అతడు చెల్లించునది ఇంచుమించు 54 రూపాయలే యనియు మంత్రివర్యులు పార్లమెంటులో పలుమారులు సెలవిచ్చినారు. ఇది యబద్ధమని మేమనము. కాని ప్రయాణికుల టిక్కెట్టు ఖర్చుకంటె తక్కువగ నుండుట 2020 తరువాత పుట్టినది కాదు. ఆ లోటు నుండగనే వృద్ధుల రాయితీయు నుండెను. పైగా రోగభయముచే నిలిపిన దానిని ఖర్చు పేర నిలిపియుంచుట కారణము మార్చుట యగును. ఖర్చే కారణమైనచో, ఆ మాట మొదటనే చెప్పి, పార్లమెంటులో చర్చించి, రాయితీ రద్దుచేసితిమని ప్రకటింపవలసినది. కలవారు గూడ దీనిని వాడుకొనుచుండిరని కొందఱందురు. నిజమే. కావలసినవారు తమంతట తాము రాయితీని వదలుకొను వెసులుబాటు 2020కి ముందే యుండెను. రైల్వే వ్యవహారముల పార్లమెంటు స్థాయీ సంఘము కనీసము స్లీపరు, థర్డ్ ఏసీ తరగతులలోనైన దీనిని పునరుద్ధరించు విషయము పరిశీలింపుమని సిఫారసు చేసినది. ఇంతకంటె మితమైన కోరిక యేమి కలదు?

అత్యవసర కాలపు ఏర్పాటులు ఆ కాలము దాటిన తరువాతను నిలిచియుండుట దేశమునకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆహారధాన్యములపై కంట్రోళ్లు పెట్టినారు. యుద్ధము 1945లో ముగిసినది, కంట్రోళ్లు ముగియలేదు. 1947 చివర గాంధీమహాత్ముడు తన ప్రార్థనసభలలో వానిని తొలగింపుమని పట్టుపట్టినాడు. ప్రభుత్వము సడలించినది. ధరలు పెరుగగా 1948లో మఱల విధింపవలసి వచ్చినమాటయు వాస్తవమే; దానిని దాచవలసిన పని లేదు. తీసినప్పుడు చర్చించి తీసినారు, పెట్టినప్పుడు చర్చించి పెట్టినారు. రైలు టిక్కెట్టును ధాన్యపు కంట్రోలుతో సరిపోల్చుట మా యుద్దేశము కాదు. అడిగినవానికి సమాధానము చెప్పు మర్యాద యొకటి ఆనాడుండెను.

మార్చిన పద్ధతిని మరల మార్చరాదను నియమము లేదనుటకు మన రాష్ట్రమే సాక్షి. 2021 జనవరి 21వ తేదీన 9,260 బండ్లతో రేషను సరకులను వీధులకు పంపు ఏర్పాటు మొదలైనది. ఇది రోగము వలన పుట్టినది కాదు గాని, ఆ దినములలోనే వచ్చినది. ఇంటి ముంగిటికి సరకు వచ్చుట కొందఱికి మేలుగ నుండినది. బండి వచ్చువేళకు చేలోనున్న కూలివాని కది మేలు కాలేదు. 2025 జూన్ 1వ తేదీనుండి చౌకదుకాణములు మఱల తెఱువబడినవి. అఱువదియైదేండ్లు దాటిన వారికిని వికలాంగులకును మాత్రము ఇంటికే చేర్చుట జరుగుచున్నది. రెండు ఏర్పాటులలో ఏది మెఱుగను తగవులోనికి మేము దిగము. అంత పెద్ద యేర్పాటునే మార్చగలిగినపుడు, బ్యాంకు గదిలో నొక కుర్చీ వేసి మనిషిని కూర్చుండబెట్టుట యేమంత కష్టము?

అందులకు క్రొత్త చట్టమును అక్కఱలేదు. వృద్ధులకును వికలాంగులకును ప్రత్యేకముగ గుర్తింపదగిన కౌంటరు నుంచవలెననియు, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులకును వికలాంగులకును ఇంటియొద్దనే ముఖ్యమైన సేవలు చేయు ఏర్పాటు చేయవలెననియు రిజర్వు బ్యాంకు 2017 నవంబరు 9వ తేదీననే బ్యాంకులను ఆదేశించినది. ఈ మాట యెంతమంది ఖాతాదారులకు తెలియును? తెలిసిన వారిలో ఎంతమంది మేనేజరు నడిగినారు? పఠన మందిరములలో ఈ పుట చదువు పెద్దలు తమ వీధి వృద్ధులను ఇద్దఱు ముగ్గురిని వెంటగొని పోయి, ఆ కౌంటరు ఎక్కడ నున్నదని మర్యాదగ నడుగవలెను. లేదన్నచో లేదని వ్రాసియిమ్మని కోరవలెను. నోటిమాటకు జవాబు చెప్పనివారు కాగితమునకు చెప్పుదురు. ఆ కాగితముతో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ కచేరికి వ్రాయవచ్చును; వస్తువులు, ఇతర సేవల విషయమైనచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరు గలదు. అందును మొదట యంత్రమే పలుకవచ్చును, ఓపికపట్టవలెను.

రైల్వే రాయితీ మాట స్థానికముగ తేలునది కాదు. క్రోసూరు పెదకూరపాడు శాసనసభా నియోజకవర్గములోనిది. అది నరసరావుపేట లోకసభ స్థానములోనిది. ఆ స్థానమునుండి ఢిల్లీకి పోయిన సభ్యుడు రాబోవు సమావేశములలో నీ ప్రశ్న వేయవలెనని మా కోరిక. పార్లమెంటు సభ్యునకు పల్నాటి వృద్ధుల సంతకములతో నొక విజ్ఞప్తి చేరినచో ఆయనకును బలముగ నుండును. విజ్ఞప్తి దీర్ఘముగ నుండనక్కఱలేదు. 2020 మార్చి నాటి నిలుపుదలకు గడువేది? రోగమే కారణమైనచో రోగము పోయిన తరువాత ఏల సాగుచున్నది? వేఱు కారణ మున్నచో దానిని ఏ ఉత్తరువులో చెప్పినారు? ఈ మూడు ప్రశ్నలు తెలుగులో వ్రాసి, సంతకము చేయలేనివారి వ్రేలిముద్రలు వేయించి, సంక్రాంతికి బిడ్డలు ఊళ్లకు వచ్చు వేళకు సిద్ధపఱచినచో, వారిచేత ఢిల్లీకి పంపించుట తేలిక. ఆ పని కైన ఫోను ఉపయోగపడును.