విత్తనానికి ఏ బెండకాయ వదలాలి?

చాలా ఇళ్ళల్లో లేతకాయలన్నీ కూరకి కోసేసి, కంటపడక ముదిరిపోయిన కాయని విత్తనానికి వదిలేస్తారు. మరుసటి ఏడు కాపు తగ్గితే నేలని తిట్టుకుంటారు. విత్తనానికి ఎంచవలసింది కాయని కాదండీ, మొక్కని!

త్వరగా పూతకొచ్చి, దగ్గర దగ్గర కణుపుల్లో కాసే నాలుగైదు మొక్కలకి రంగు దారం కట్టండి. అంట్లనీళ్ళు పారేచోట ఏపుగా పెరిగినదాన్ని చూసి మోసపోకండి. ఆ ఏపు నీటిది, ఎరువుది, విత్తులోకి దిగదు. ఒకే మడిలో, ఒకేలా నీళ్ళు పోసిన మొక్కలనే పోల్చి చూడాలి.

ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు విత్తనం ద్వారా రాదు, తెల్లదోమ మోసుకొస్తుంది. దాన్ని తట్టుకునే గుణం మాత్రం విత్తనంతోనే వస్తుంది. ఒకప్పుడు తట్టుకున్న పూసా సవానీ రకం తర్వాత ఆ తెగులుకి లొంగిపోయింది. శాస్త్రజ్ఞులు దాన్ని బెండకి చుట్టమైన మరో మొక్కతో సంకరపరచి పర్భనీ క్రాంతి రకం తీశారు. మీ మడిలోనూ పచ్చగా నిలిచిన మొక్కనే ఎంచుకోండి.

బెండపువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు. కానీ తేనెటీగలు పక్క రకం పుప్పొడినీ తెచ్చి అంటిస్తాయి. అందుకని మర్నాడు విచ్చుకోబోయే మొగ్గకి సాయంత్రమే పల్చని గుడ్డసంచీ కట్టి, పువ్వు వాడాక తీసేయండి. కాయ మొక్కమీదే ఎండాలి.

హైబ్రిడ్ విత్తనాలకి మాత్రం ఈ శ్రమ వద్దు. వాటి పిల్లలు తల్లిని పోలవు.

కూరలోకి నాలుగు కాయలు తగ్గినా ఫరవాలేదు, దారం కట్టిన మొక్కని మాత్రం ముట్టుకోకండి!