పంచేవాళ్ల వరుసలో వాళ్లెందుకు లేరు?

డిసెంబర్ 3 వచ్చిందంటే దివ్యాంగుల దినోత్సవమని సభలే సభలు. శాలువాలు, పండ్లు, దుప్పట్లు, ఫొటోలు. ఎక్కడ చూసినా రెండే వరుసలు: పంచేవాళ్లు మనం, పుచ్చుకునేవాళ్లు వాళ్లు. మిగతా రోజుల్లో మనం ఏదో ఒక సేవా కార్యక్రమం పెట్టుకుంటాం కదా, అప్పుడు పంచే వరుసలోకి వాళ్లను ఎందుకు పిలవం?

మన వరంగల్‌లో అలాంటి పనులకు కొదవ లేదు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా నాలుగు రోజులు జరిగింది. జాతరకు పోయేవాళ్లకు దారిలో మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పొట్లాలు అందించాలి. సద్దుల బతుకమ్మ తెల్లారి చెరువుగట్టు శుభ్రం చేయాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరద కాలనీల్లోకి వచ్చినప్పుడు అన్నం పొట్లాలు కట్టి పంపాల్సి వచ్చింది. కాలేజీ పిల్లలకైతే ఎన్ఎస్ఎస్ ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. అన్నీ ఒక పూటో, ఒక రోజో, వారమో పట్టే పనులే.

మా ఆడబిడ్డకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఇరవై ఏళ్లుగా మిషన్ కుట్టి ఇల్లు నడుపుతోంది. ఒకసారి ఇలాంటి పనికే పేరిస్తానంటే, "మీకెందుకమ్మా శ్రమ, కూర్చొని చూడండి చాలు" అన్నారు. ఎంత మర్యాదగా చెప్పినా అది వద్దనడమే.

పని అంటే మోయడం, ఉరకడం ఒక్కటేనా? మన ఇళ్లల్లో పెళ్లి జరిగితే మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను బిందెలు మోయమనం. కూర్చోబెట్టి అక్షింతలు కలపమంటాం, వచ్చిన సామాను లెక్క చూడమంటాం. ఆమె లేకపోతే పెళ్లిపని సాగదు. మనిషిని చూసి పని పంచే ఈ తెలివి మనకు పుట్టుకతో వచ్చిందే. గడప దాటగానే అది ఏమైపోతోంది?

పొట్లాలు కట్టడం కూర్చొని చేసే పని. ఎవరింట్లో ఎందరున్నారో ఫోన్ చేసి రాసుకోవడం కూడా అంతే. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పడానికి కావలసింది గొంతు, చూపు కాదు. చెవులు వినిపించని భక్తురాలు జాతరలో దారి తప్పితే, సైగల భాష తెలిసిన అమ్మాయి చేసే సాయం మనలో ఎంతమంది చేయగలరు?

"ఒక్క రోజు పనికి ర్యాంపులు కట్టమంటారా?" అని అడుగుతారు. ఎవరు కట్టమన్నారు? మెట్లెక్కాల్సిన హాలు బదులు కింది గది తీసుకోండి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, వాళ్లు వాడగలిగే బాత్రూం, రానుపోను ఆటో. ఒక్క రోజు పని కాబట్టే ఇది తేలిక. రోజూ రాలేని మనిషికి ఆ ఒక్క పూటే దొరికే అవకాశం. ఆడమనిషికైతే, మందుల కోసం, ఆసుపత్రి కోసం కాకుండా తన ఇష్టంతో గడప దాటే పూట అది.

"ఏమైనా అయితే ఎవరిది పూచీ?" అని ఇంకొకరంటారు. ఎండకు కళ్లు తిరిగి ఎవరైనా పడిపోవచ్చు. నీడ, నీళ్లు, మందుల పెట్టె అందరికీ కావాలి.

2011 లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది. అవసరానికి తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని చెప్పింది. అంటే మనం దయ అనుకునేది వాళ్ల హక్కు.

కాబట్టి మీ సంఘం ఈసారి పేర్లు రాసుకునేటప్పుడు కాగితం మీద ఒక్క ప్రశ్న చేర్చండి: "మీరు ఈ పని చేయడానికి మేం ఏం ఏర్పాటు చేయాలి?" వైకల్యం ఎంత శాతమని అడగకండి. జవాబు వచ్చాక ఆ ఏర్పాటు చేయండి. పని చేయించుకోండి. శాలువా మాత్రం కప్పకండి.