కుక్కకు గుండు దేనికి?

ఎండలు ముదరక ముందే మా అపార్టుమెంటు లిఫ్టులో ఉచిత సలహాలు మొదలయ్యాయి. "పాపం, ఆ బొచ్చుతో ఎలా వేగుతోందండీ! గుండు కొట్టించెయ్యండి, ఇంట్లో వెంట్రుకల బాధా వదుల్తుంది." చెప్పినాయన జన్మలో కుక్కను పెంచలేదు, ఆయన్ని క్షమించవచ్చు. పెంచుతున్నవాళ్లే 'సమ్మర్ కట్' బోర్డు చూసి డబ్బిచ్చి మరీ గొరిగిస్తున్నారే, వాళ్లనేమనాలి?

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు మహాప్రభో! పట్టేది ముఖ్యంగా అరికాళ్లలో. ఒంటి వేడిని అది నాలుక చాపి ఒగరుస్తూ బయటికి పంపుతుంది. హస్కీ, జర్మన్ షెపర్డ్, పామరేనియన్, గోల్డెన్ రిట్రీవర్‌లకు బొచ్చు రెండు పొరలు. వీపు మీద పాయ తీసి చూడండి: పైన పొడుగాటి గరుకు వెంట్రుకలు, అడుగున చర్మాన్ని అంటుకుని దూదిలాంటి నూగు. పై పొర ఎండను చర్మానికి తగలనివ్వదు. పగటిపొద్దు పెరిగే రోజుల్లో కుచ్చులు కుచ్చులుగా ఊడేది ఆ నూగే. దాన్ని దువ్వి తీసేస్తే లోపలికి గాలాడుతుంది. మిషన్ పెడితే రెండూ పోతాయి. మళ్లీ మొలిచేటప్పుడు నూగే ముందొస్తుంది. పై వెంట్రుకలకు నెలలు పడుతుంది. కొన్ని పామరేనియన్లకు, హస్కీలకు గొరిగినచోట చాలాకాలం బోడిగానే ఉండిపోతుంది.

వెంట్రుకల బాధ వదుల్తుందా? ఎక్కడ! పొడుగువి రాలేచోట పొట్టివి రాలి సోఫా గుడ్డలో దిగబడతాయి. అవి చీపురుకి రావు.

అసలు మంచులో బండి లాగే హస్కీని హైదరాబాదు ఎండల్లో అమ్మేవాళ్లను ఎవరూ అడగరు. 2016లో కేంద్రం కుక్కల దిగుమతిని కట్టడి చేసింది. అయితేనేం, ఇక్కడే పిల్లల్ని పెట్టించి అమ్ముకుంటున్నారు. కొన్నవాళ్లేమో ఆ పాపాన్ని గుండుతో కడుక్కోవాలనుకుంటారు!

మరేం చెయ్యాలంటారా? దువ్వండి. బొచ్చు ఊడే కాలంలో రోజూ అడుగు నూగును తీసే దువ్వెన (అండర్‌కోట్ రేక్)తో, గట్టిగా అదమకుండా. స్నానం చేయిస్తే అడుగుదాకా ఆరబెట్టండి, తడి నూగు కింద చర్మం పుండు పడుతుంది. షికారు తెల్లవారుజామునే. ఆపరేషన్‌కనో, చర్మరోగమనో, బొచ్చు విడదీయరాని ఉండలు కట్టిందనో పశువైద్యుడు గొరగమంటే అది వేరే సంగతి. అది కాకుండా షాపువాడు ఊరికే మిషన్ అందుకున్నాడా, గొలుసు పట్టుకుని బయటికి వచ్చెయ్యండి.