వీడియో ఎన్‌కోడింగ్‌: డబ్బులొచ్చే పని ఎక్కడుంది?

బీటెక్‌ మూడో ఏడాదిలో నాకు మొదటి ‘ఎన్‌కోడింగ్‌ ఆఫర్‌’ వచ్చింది. ఓ చాటింగ్‌ గ్రూపులో పరిచయమైన వ్యక్తి ‘కొత్త సినిమా ఫైల్‌ పంపిస్తా. క్వాలిటీ పోకుండా సైజు తగ్గించివ్వు. ఒక్కోదానికి 500’ అన్నాడు. హాస్టల్‌ మెస్‌ బిల్లు బాకీ ఉన్న రోజులవి. చేద్దామనే అనుకున్నా. ‘ఆ సినిమా వాడిదేనా?’ అని మా రూమ్మేట్‌ అడిగాడు. అక్కడితో ఆగిపోయా.

మీలో చాలామందికి ఈ పని వచ్చే ఉంటుంది. సినిమాల మీద ఇష్టంతోనో, ఫోన్లో స్టోరేజీ చాలకో హ్యాండ్‌బ్రేక్‌, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ పట్టుకుని ఉంటారు. పైరసీ వాళ్లు ఇలాంటివాళ్ల కోసమే చూస్తుంటారు. ఒప్పుకోకండి. కాపీరైట్‌ చట్టం 63వ సెక్షన్‌ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. తెలిసి సహకరించినవారికీ అది వర్తిస్తుంది. ‘నేను సైజు తగ్గించానంతే’ అంటే కుదరదు. పైగా ఆ పనిని రెజ్యూమెలో రాసుకోలేరు. పేరు చెప్పుకోలేని పనులు పది చేసినా పదకొండోది వెతుక్కోవాల్సిందే.

మరి పేరు చెప్పుకోగల పని ఎక్కడుంది? దానికన్నా ముందు అసలు ఎందుకు డబ్బిస్తారో తెలుసుకోండి. సెకనుకు 25 ఫ్రేములుండే ఫుల్‌ హెచ్‌డీ వీడియోను కుదించకుండా దాస్తే ఒక్క నిమిషానికే సుమారు 4.7 జీబీ కావాలి. అదే నిమిషం హెచ్‌.264లో 5 ఎంబీపీఎస్‌ బిట్‌రేటుతో 38 ఎంబీ లోపే సరిపోతుంది. అంటే నూటికి పైగా వంతుల్లో ఒక్క వంతే మిగిలిందన్నమాట. ఇది చేసే సాఫ్ట్‌వేర్‌ ఉచితం. కాబట్టి బటన్‌ నొక్కినందుకు ఎవరూ డబ్బివ్వరు. ఏది వదిలేయొచ్చో, ఏది వదలకూడదో తెలిసినందుకు, తేడా వస్తే బాధ్యత పడినందుకు ఇస్తారు.

ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మా ఊరి ఫొటో స్టూడియో అన్న పాత పెళ్లి క్యాసెట్లు కొన్ని ఇచ్చి డిజిటల్‌ చేయమన్నారు. ఆ టేపుల్లో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, గీత విడిచి గీతలో రికార్డయి ఉంటుంది. దాన్ని డీఇంటర్లేస్‌ చేయాలని తెలియక అలాగే ఎన్‌కోడ్‌ చేసేశా. తలంబ్రాలు పోసేచోట చేతుల అంచులన్నీ దువ్వెన పళ్లలా కనిపించాయి. సరిచేద్దామంటే, డిస్కులో చోటు లేదని మొదటి కాపీ అప్పటికే తీసేశా. మళ్లీ ఆడిస్తుంటే ఒక టేపు చిక్కుకుని నలిగింది. ఆ ఇంటావిడకు వాళ్ల నాన్నగారు కదులుతూ కనిపించే క్యాసెట్‌ అదొక్కటే. కొన్ని సెకన్లు పోయాయి. ‘ఒరిజినల్‌ ఉంచుకోవాలి కదా తమ్ముడూ’ అన్నారు అన్న. ఆ పనికి నేను డబ్బు తీసుకోలేదు.

ఇలాంటి పాత క్యాసెట్లు ఇంకా ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. మినీ డీవీ టేపయితే గంటకు 13 జీబీ దాకా వస్తుందని లెక్క వేసుకుని డిస్కు సిద్ధం చేసుకోండి. ఇక షార్ట్‌ ఫిల్మ్‌ తీసేవాళ్లకు థియేటర్లో వేయాలంటే డీసీపీ కావాలి. అందులో ప్రతి ఫ్రేమూ జేపెగ్‌ 2000 బొమ్మగా ఉంటుంది. డీసీపీ-ఓ-మేటిక్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తయారుచేయొచ్చు. కోచింగ్‌ సెంటర్లకేమో పాఠాల వీడియోలు నెట్‌ సరిగా రాని ఫోన్లోనూ ఆగకుండా ఆడాలి. అందుకు ఒకే వీడియోను నాలుగైదు సైజుల్లో హెచ్‌ఎల్‌ఎస్‌గా చేసివ్వాలి. కంపెనీ ఉద్యోగమే కావాలంటే ‘ఎన్‌కోడింగ్‌’ అని మాత్రమే వెతకొద్దు. వీడియో ఇంజినీర్‌, మీడియా ఇంజినీర్‌, ట్రాన్స్‌కోడింగ్‌ అనే మాటలతోనూ వెతకండి. కోడ్‌ రాయగలిగితే గూగుల్‌ సమ్మర్‌ ఆఫ్‌ కోడ్‌ చూడండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ అందులో పలుసార్లు పాల్గొంది, ఎంపికైనవారికి స్టైపెండ్‌ ఉంటుంది.

‘అనుభవం లేదుగా, మాకెవరిస్తారు?’ అంటారా? అనుభవం లేకపోయినా ఆధారం చూపించొచ్చు. బ్లెండర్‌ సంస్థ 2008లో విడుదల చేసిన ‘బిగ్‌ బక్‌ బన్నీ’ యానిమేషన్‌ చిత్రాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. దాన్ని హెచ్‌.264, హెచ్‌ఈవీసీ, ఏవీ1 మూడింటిలోనూ ఎన్‌కోడ్‌ చేయండి. ఫైల్‌ సైజు, పట్టిన సమయం, వీమాఫ్‌ స్కోరు ఓ పట్టికలో రాయండి. నెట్‌ఫ్లిక్స్‌ 2016లో అందరికీ అందుబాటులో పెట్టిన నాణ్యతా కొలమానమే వీమాఫ్‌. చివర్లో ‘పాత టీవీకైతే ఇది, తక్కువ డేటాకైతే ఇది ఎంచుకుంటా, ఎందుకంటే...’ అని నాలుగు వాక్యాలు జోడించండి. ఆ ఒక్క పేజీ, కోర్సు సర్టిఫికెట్‌ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. ఇంటర్వ్యూలో అడిగే ‘ఎందుకు?’కు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. ఒక నిమిషం శాంపిల్‌ ఉచితంగా చేసివ్వండి, నచ్చితే మిగతాది. ఏ ఫార్మాట్‌, ఎన్ని ఫైళ్లు, ఎప్పటికి, ఎంత... నాలుగూ మెసేజ్‌లో రాయించుకోండి. సగం అడ్వాన్సు అడగండి. ‘స్నేహితుడివి కదా’ అంటూ మొత్తం పని ఊరికే చేయించుకునేవాళ్లకు నవ్వుతూనే ‘కుదరదు’ అని చెప్పండి. ఇంట్లో కూర్చుని చేసే పని ఇస్తాం, ముందు డిపాజిట్‌ కట్టండి అన్నారంటే అది పని కాదు, మీకే ఎసరు. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి కానీ మీ దగ్గర తీసుకోకూడదు. పని అప్పగించాక కూడా, అంతా బాగుందని వాళ్లు చెప్పేదాకా ఒరిజినల్‌ మాత్రం తీసేయకండి.

ఈ పని ఒక్కరోజులో జీతం తెచ్చిపెట్టదు. ఒక స్టూడియో, ఒక షార్ట్‌ ఫిల్మ్‌, ఒక కోచింగ్‌ సెంటర్‌... ఇలా ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. ఈ వారాంతంలో ఆ పట్టిక పూర్తిచేయండి. వచ్చే సోమవారం మీ వీధి చివర ఫొటో స్టూడియో మెట్లెక్కండి. ఎవరు ఏ ఫైల్‌ ఇచ్చినా, రేటు మాట్లాడేముందు మా రూమ్మేట్‌ అడిగిన ప్రశ్న ఒక్కటి అడగండి: ‘ఇది మీదేనా?’