బండిని రైలెక్కించి గండికోటకు

బిలాస్‌పూర్ తెలుగు కుర్రకారు బైకుల మీద గండికోట చూసి రావాలనుకుంటే ముందు ఫోన్‌లో మ్యాపు తెరుస్తారు. రాయ్‌పూర్, నాగ్‌పూర్, హైదరాబాద్, కర్నూలు, జమ్మలమడుగు. దూరం 1,200 కిలోమీటర్లు దాటిపోతుంది. రోజుకు 500 నడిపినా మూడో రోజుకు గానీ కోటగోడ కంటపడదు. తిరుగు ప్రయాణానికి ఇంకో మూడు రోజులు. వారం సెలవులో ఆరు రోజులు లారీల పొగకే పోతే లోయకు మిగిలేది ఒక్క రోజు.

ఈ లెక్క మార్చుకోవాలి. బిలాస్‌పూర్ రైలును నమ్ముకుని పెరిగిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం ఇటు తరలివచ్చాయి. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఇక్కడే. ఇలాంటి ఊరివాళ్లు బండిని రైలెక్కించి, సెలవంతా సీమ దారుల్లో గడపడమే మంచిది.

అందుకు బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఉంది. విశాఖ, విజయవాడల మీదుగా వెళ్తుంది. రోజూ ఉండదు కాబట్టి సెలవు పెట్టే ముందే టైంటేబుల్ చూసుకోవాలి. టికెట్ ఉన్నవాళ్లు బైకును లగేజీగా బుక్ చేసుకోవచ్చు, లేదంటే పార్శిల్‌గా పంపొచ్చు. ఆర్‌సీ జిరాక్సు, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. హెడ్‌లైటుకు, ట్యాంకుకు, హ్యాండిల్‌కు గోనెపట్టా గట్టిగా చుట్టించాలి. బ్రేక్‌వ్యాన్‌లో జాగా లేకపోతే బండి వెనక రైలుకు పడుతుంది, అందుకే పార్శిల్ ఆఫీసులో ముందుగానే కనుక్కోవాలి. తిరుపతిలో దిగాక గడువులోగా విడిపించుకోకపోతే వార్ఫేజ్, అంటే నిల్వ రుసుము, పడుతుంది.

తిరుపతి నుంచి గండికోట సుమారు 230 కిలోమీటర్లు. ఒక్క పూటలో తొక్కేయాల్సిన దారి కాదిది. కోడూరు తోటలు, రాజంపేట దాటాక నందలూరు వస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ లోకోషెడ్ ఉండేది. బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాల పిల్లలు కాసేపు బండి ఆపి చూడదగిన చోటు.

నెలను ఎంచుకోవడంలో నేర్చుకోవలసిన పాఠం కూడా ఈ నేలే నేర్పింది. 2021 నవంబరు 19న వాయుగుండం వానలకు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి, నందలూరు, రాజంపేటల మధ్య రైలు పట్టాల కింద నేలే కొట్టుకుపోయింది. కరువు సీమ అని పేరుపడిన చోట నవంబరు వానను తేలిగ్గా తీసుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. హెల్మెట్, జాకెట్ వేసుకుని ఆ ఎండలో బండి నడపడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు తిరుగుతూనే ఉంటాయి. చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద బైకు నడపొద్దు. జమ్మలమడుగులో ట్యాంకు నింపుకుని, మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు కట్టుకుని, మిగతా 15 కిలోమీటర్లు పొద్దుండగానే వెళ్లిపోవాలి.

ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ చేసిన గండి పక్కన కోట కట్టారు కాబట్టి అది గండికోట అయింది. ఎర్రటి క్వార్ట్‌జైట్ బండలు పలకల మీద పలకలు పేర్చినట్టు నిలబడి ఉంటాయి. లోతు దాదాపు 300 అడుగులు. అమెరికాలో కొలరాడో నది తొలిచిన గ్రాండ్ కాన్యన్ లోతు మైలు పైమాటే, పొడవు 446 కిలోమీటర్లు. దాంతో పోల్చి గండికోటను పొగడాల్సిన పనేమీ లేదు. పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, వాటి వెనకే లోయ: ఇన్నీ ఒక్క నడకలో దొరికే చోటు ఇది. లోయ అంచున చాలాచోట్ల కమ్మీలు లేవు. ఫొటో కోసం అంచుకు పోవద్దని బృందంలో ముందే గట్టిగా అనుకోవాలి.

మర్నాడు 60 కిలోమీటర్ల దూరంలోని బెలుం గుహలకు వెళ్లొచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 3,229 మీటర్ల పొడవులో దాదాపు కిలోమీటరున్నర సందర్శకులకు తెరిచి ఉంది. లోపల ఉక్కపోత, కాబట్టి జాకెట్లు బయటే వదిలేయాలి. ఇంకో రెండు రోజులుంటే తాడిపత్రి గుళ్లు చూసుకుని అనంతపురం దాటి బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు చేరొచ్చు. హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద తిన్నెలుగా పడిన ఊరది. ఎడారి ఎలా పుడుతుందో అక్కడి రైతును అడిగితే చెప్తాడు. ఆ తిన్నెల మీద బైకులు తొక్కి ఆటలాడటం ఆ రైతు కష్టాన్ని తొక్కడమే.

రైల్వే చేయాల్సిందీ ఉంది. కొంకణ్ రైల్వే 1999 నుంచి లారీలను వ్యాగన్ల మీద ఎక్కించి తీసుకెళ్తోంది. ఆస్ట్రియాలో కొన్ని రాత్రి రైళ్లు ప్రయాణికులతో పాటు వాళ్ల మోటార్‌సైకిళ్లనూ మోస్తాయి. బిలాస్‌పూర్‌లో అంత ఏర్పాటు ఇప్పుడే అడగనక్కర్లేదు. పార్శిల్ ఆఫీసు గోడ మీద ఒక బోర్డు చాలు: ఏ రైల్లో ఎన్ని బైకులకు జాగా ఉంటుంది, ప్యాకింగ్‌కు ఎంత, దిగిన స్టేషన్‌కు దగ్గర్లో పెట్రోలు బంకు ఎక్కడ. హిందీతో పాటు తెలుగులోనూ రాస్తే, వచ్చే డిసెంబరులో ఖాళీ ట్యాంకుతో తిరుపతి స్టేషన్ బయట నిలబడే కుర్రాడికి బండి ఎటు తోసుకెళ్లాలో తెలుస్తుంది.