ఇల్లు అలకగానే పండగ కాదు: కంప్యూటర్‌కెక్కిన పుస్తకాల కథ

శాఖా గ్రంథాలయాల బీరువాల్లో చెదల పాలవుతున్న పాత పుస్తకాలను కంప్యూటర్‌కెక్కిస్తే శాశ్వతంగా నిలుస్తాయన్న మాట తరచు వినిపిస్తున్నది. మాట మంచిదే. అయితే ఇదే పనిని భారీ ఎత్తున చేసి చూసినవారి అనుభవం మరో సంగతి కూడా చెబుతున్నది. పుస్తకానికి ఫోటో తీయడం ఈ పనిలో చిన్న వంతు మాత్రమే.

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకాన్ని నడిపించారు. చైనా, ఈజిప్టు సంస్థలు, మన దేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో పాలుపంచుకున్నాయి. 2007 నవంబరు నాటికి 15 లక్షల పుస్తకాలు కంప్యూటర్‌కెక్కాయి. అందులో తెలుగువి సుమారు 50 వేలు. ఏనాడో అచ్చు ఆగిపోయిన పుస్తకాన్ని సొంత ఊళ్ళో కూర్చుని చదువుకునే వీలు కలిగింది. ఈ మేలు కాదనలేనిది.

ఎక్కడ తడబడ్డారు?

తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేయడం పెద్ద పొరపాటయింది. ఆ అక్షరాల్లో "కల", "కళ" రెండూ ఒకటే. పుస్తకం ఉన్నా వెదికితే దొరకదు. కొన్నింటికి పేర్లు తప్పు పడ్డాయి, కొన్నింటిలో పుటలు జారిపోయాయి. ఒక కేంద్రంలో అయిన పుస్తకాన్నే మరో కేంద్రంలో మళ్ళీ చేసిన సందర్భాలున్నాయి. తరువాత తెలుగు వికీపీడియా కార్యకర్తలు కూర్చుని పట్టికలను తెలుగులో తయారుచేయవలసి వచ్చింది.

అంతకంటె పెద్ద దెబ్బ మరొకటి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడిచిన సైటు కొన్నేళ్ళకు మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా సంస్థ వద్ద లక్షలాది ప్రతులు ఉండబట్టి పడిన శ్రమ గంగపాలు కాలేదు. రైతు విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయడు. పుస్తకాలకూ అదే నీతి వర్తిస్తుంది.

చేసినవారి మాట వినాలి

ఈ పథకాన్ని నడిపినవారు 2005లో చైనాలోని హాంగ్‌చౌలో, 2006లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో, 2007లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సమావేశమై సాధకబాధకాలు చర్చించుకున్నారు. అటువంటి సభల్లో తేలిన సంగతులు కొత్తగా పనికి దిగే జిల్లా వారికి చేరినప్పుడే ఉపయోగం. లేకుంటే ప్రతి ఊరివారూ అదే గోతిలో పడి లేవవలసిందే.

గ్రామాల ప్రజలు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా చెల్లిస్తున్నారు. కనుక తమ గ్రంథాలయంలో ఈ పని తలపెట్టినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు వారికున్నది. ఈ పుస్తకం ఇదివరకే మరెక్కడైనా ఎక్కిందా? పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం తెలుగులో రాస్తున్నారా? పుటలు సరిచూసే బాధ్యత ఎవరిది? ప్రతులు ఎన్నిచోట్ల దాస్తారు? రచయిత మరణించి 60 ఏళ్ళు గడవని పుస్తకాలకు హక్కుదారుల అనుమతి కావాలన్న సంగతీ మరువరాదు.

వీటికి జవాబు దొరికిన తరువాతనే యంత్రం కొనడం మేలు. అసలు పుస్తకాన్ని మాత్రం ఆ తరువాత కూడా భద్రపరచాలి. సైటు మూతపడిన రోజున ఆధారం అదే.