బర్గర్‌కీ బదిలీలే

“మేడమ్, ఎన్ని చెప్పండి, విశాఖలో తిన్న బర్గరే బర్గర్. ఇక్కడివి ఏం బాగోవు.”

మన తెలుగు తరగతిలో ఈ మాట వినపడని వారం లేదు. విశాఖ బదులు ఒకరు పుణే అంటారు, ఒకరు కొచ్చి అంటారు, ఇంకొకరు జోర్హాట్ అంటారు. ఊరు మారుతుంది గానీ మాట మారదు. మేము నవ్వి ఊరుకునేవాళ్లం, ఎందుకంటే మా ఇంట్లోనూ అదే పాట. పదేళ్లలో ఐదు ఊళ్లు తిరిగాం. సాకేత్‌కు వచ్చిన కొత్తలో సామాన్ల పెట్టెలు విప్పలేదు, గ్యాస్ కనెక్షన్ రాలేదు. మొదటి ఆదివారం మేము వెళ్లింది కుతుబ్ మీనార్‌కు కాదు, పాత ఊళ్లో అలవాటైన కంపెనీ బర్గర్ దుకాణానికే. అక్కడ ఏం అడగాలో మా పాపకు తెలుసు. కొత్త భాషలో తడబడే పని లేదు, బోర్డు మీది బొమ్మ చూపిస్తే చాలు. “అన్ని ఊళ్లలోనూ దొరికేదానికి అంత దూరం వెళ్లాలా?” అని వెక్కిరించే పెద్దలు కొందరున్నారు. వాళ్లు పుట్టిన ఊళ్లోనే పెన్షన్ తీసుకునేవాళ్లై ఉంటారని మా అనుమానం.

అయినా ఈ చలికాలం ఆ వాదన తేల్చాలనుకున్నాం. సాకేత్‌లో ఏ బర్గర్ మేలు?

ఈ ప్రశ్న అడగడానికి మనం మంచి చోటే ఉన్నాం. అమెరికా కంపెనీ బర్గర్ కింగ్ భారతదేశంలో తన మొదటి దుకాణం తెరిచింది మన సాకేత్‌లోనే, సెలెక్ట్ సిటీవాక్ మాల్‌లో, 2014 నవంబరులో. అంతకు పద్దెనిమిదేళ్ల ముందు, 1996లో, మెక్‌డొనాల్డ్స్ వచ్చింది కూడా మనకు దగ్గరలోని వసంత్ విహార్‌కే. వాళ్ల కంటే ముందే కన్నాట్ ప్లేస్‌లో నిరులాస్ ఉండేది. మీ పక్కింటి ఢిల్లీ తాతగారిని అడిగితే ఆ పేరుకే కళ్లు మెరుస్తాయి.

అసలు బర్గర్ కథ వింటే మన ఇళ్ల కథలాగే ఉంటుంది. పేరులో హ్యామ్ ఉంది కాబట్టి అది పంది మాంసమని మనలో కొందరు భయపడతారు. కాదు, అది జర్మనీలోని హాంబర్గ్ అనే ఓడరేవు పేరు. వలస వెళ్లినవాళ్లతో ఆ పేరు అమెరికా చేరింది. దాన్ని రొట్టె మధ్యలో మొదట పెట్టింది మేమంటే మేమని అక్కడి ఊళ్లు ఇప్పటికీ పోట్లాడుకుంటున్నాయి. అక్కడి నుంచి ఢిల్లీకి బదిలీ అయ్యేసరికి లోపలున్న మనిషే మారిపోయాడు. ఎద్దు మాంసం లేకుండా మెక్‌డొనాల్డ్స్ తెరిచిన మొదటి దుకాణం వసంత్ విహార్‌దే. అమెరికాలో బిగ్ మాక్ ఉంటే ఇక్కడ మహారాజా మాక్. శాకాహారానికి వేరే వంట చోటు, వేరే గిన్నెలు. పక్కనే గుడ్డు లేని మయోనైజ్, బంగాళాదుంప టిక్కీ. సాకేత్‌కు వచ్చినప్పుడు బర్గర్ కింగ్ కూడా తన పేరుమోసిన వాపర్‌ను మటన్‌తో, చికెన్‌తో, కూరగాయలతో చేసి పెట్టింది.

ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా ఒకటేలా ఉంటుందని కదా ఈ బర్గర్లకు పేరు. ఆ నమ్మకంతోనే ‘ది ఎకానమిస్ట్’ పత్రిక 1986 నుంచి బిగ్ మాక్ ధరలు పోల్చి దేశాల డబ్బు విలువ లెక్క కడుతోంది. తీరా మన దేశం దగ్గరకు వచ్చేసరికి మహారాజా మాక్ ధర వేసుకోవాల్సి వచ్చింది. అన్ని చోట్లా ఒకటే అనే మాట అక్కడే కాస్త చిరిగింది.

సరే, రెండో శనివారం ఏడుగురు పిల్లలం, ఇద్దరు అమ్మలం బయలుదేరాం. మాల్‌లో ఒక దుకాణం, అనుపమ్ సినిమా హాలున్న బజారులో ఒకటి, చివరికి పుష్ప్ విహార్ క్వార్టర్ల దగ్గర బన్ టిక్కీ బండి. ఒక్క నియమం పెట్టాం: సూపర్, యమ్మీ అనే రెండు మాటలు నిషేధం. రుచిని తెలుగులో చెప్పాలి.

మొదటి చోటే మా ప్లాను బోల్తా పడింది. 8వ తరగతి అబ్బాయి ఒకడు “నాకు ఆకలి లేదు మేడమ్, మీరు తినండి” అన్నాడు. ఉదయం పదకొండున్నర, చలికాలం, పన్నెండేళ్ల పిల్లవాడు! ఆకలి లేకపోవడమేమిటి? మనిషికొక బర్గర్ కొనుక్కోవాలని చెప్పింది మేమే. మూడు చోట్ల మూడు బర్గర్లంటే ఎంతవుతుందో ముందుగా లెక్క కట్టలేదు. ఆ తప్పు మాది. అప్పటికప్పుడు పద్ధతి మార్చాం. ఒక్కో చోట రెండే కొనాలి, ఒకటి శాకాహారం, ఒకటి చికెన్, వేర్వేరు కత్తులతో ముక్కలు చేయాలి. ఖర్చంతా మేమే పెట్టుకుంటామంటే పిల్లలు ఒప్పుకోలేదు. తలా ముప్పై రూపాయలు ఒక పెన్సిల్ డబ్బాలో వేశారు. తక్కువైనది మేము కలిపాం. ఆ అబ్బాయికి అంతలోనే ఆకలి వేసింది.

ఇలా ముక్కలు చేశాకే అసలు పోలిక మొదలైంది. బర్గర్ మొత్తం చేతిలో ఉంటే నోరు పని చేస్తుంది గానీ కన్ను చేయదు. కోస్తే లోపల ఏముందో తెలుస్తుంది. మాల్‌లోని దానికి పైన నువ్వులు, లోపల నిప్పు మీద కాల్చిన చారలు. చూడటానికి దర్జాగా ఉంది. ఫొటోలు తీయడంలో పది నిమిషాలు పోయాయి. అంతలో పాలకూర లాంటి ఆ ఆకు నీరు కారి, అడుగు బన్ను నానిపోయింది. “వానలో తడిసిన చెప్పులా ఉంది” అంది 6వ తరగతి పాప. మాకు ఆ మాట నచ్చింది గానీ అది దుకాణం తప్పో ఫొటోల తప్పో తేలలేదు. అనుపమ్ దగ్గర బర్గర్‌కు నలుగురు తినకముందే మార్కులు వేసేశారు. “ఏముంది మేడమ్, తెలిసిన రుచే కదా!” నిజమే, అక్కడ ఆశ్చర్యమూ లేదు, నిరాశా లేదు. ఏడుగురిలో ఐదుగురికి అదే కావాలి. పరీక్షల రోజుల్లోనూ, ఊరు మారిన వారంలోనూ మాకూ అదే కావాలి.

బండి దగ్గర కథ వేరు. భయ్యా టిక్కీని పెనం మీద అదిమి అంచులు ఎర్రబడే దాకా కదపలేదు. బన్ను కోసి అదే నూనెలో బోర్లించాడు. కోసిన వైపు కాస్త కాలితే చట్నీ అంత త్వరగా లోపలికి ఇంకదు, అడుగు నానదు. మాల్‌లో మేము పోగొట్టుకున్నది ఇక్కడ కళ్లముందు దొరికింది. పచ్చి కొత్తిమీర చట్నీ, తియ్యటి చింతపండు చట్నీ, ఉల్లి చక్రాలు. అప్పుడు మాటలు వాటంతటవే వచ్చాయి: కరకర, ఘాటు, పులుపు, కమ్మదనం. ఒకరు మాత్రం “నూనె గబ్బు” అని రాశారు. అదీ ఒప్పుకున్నాం.

మార్కులు కూడితే బండి అర మార్కు తేడాతో గెలిచింది. కానీ విశాఖ అబ్బాయి తన కాగితంలో నాలుగో గడి గీసి ‘విశాఖ - 5/5’ అని రాసుకొచ్చాడు. గొడవంతా దాని మీదే. మా అభిప్రాయం అప్పుడూ చెప్పాం, ఇప్పుడూ అదే: బల్ల మీద లేని బర్గర్‌కు మార్కులు వేయకూడదు. నువ్వు ఆర్.కె. బీచ్ దగ్గర బాబాయి కొడుకుతో కూర్చుని తిన్నావు, ఆ ఐదులో బర్గర్‌కు ఎన్ని, సముద్రానికి ఎన్ని? ఎదుట ఉన్న టిక్కీ ఆ సముద్రంతో ఎలా పోటీపడుతుంది? పాత ఊరిని ప్రతి పళ్లెంలోకీ తెస్తే కొత్త ఊరికి ఎప్పటికీ సున్నాలే వస్తాయి. ఫోనులో చుక్కలు చూసి వెళ్లినా ఇంతే, అవి ఇంకెవరి సముద్రమో.

వాడు ఊరుకోలేదు. “అయితే విశాఖను మరిచిపోవాలా మేడమ్?”

అక్కర్లేదు, దానికి వేరే పేజీ పెట్టు అన్నాం. ఈ జవాబు వాడికి సగమే నచ్చింది. నిజం చెప్పాలంటే మాకూ పూర్తిగా నచ్చలేదు. ఐదు ఊళ్లకు ఐదు పేజీలు పెట్టుకోవడం చెప్పినంత తేలిక కాదు. పేజీ తిప్పినా వెనక సిరా ఇవతలికి కనబడుతూనే ఉంటుంది.

‘వానలో తడిసిన చెప్పు’ అన్న పాప నాన్నగారికి పరీక్షలు కాగానే భుజ్‌కు బదిలీ అయింది. వెళ్లే ముందు రోజు బండి దగ్గరకు తీసుకెళ్లాం. “ఈసారి ఎక్కడికి?” అని భయ్యా హిందీలో అడిగి, డబ్బులు తీసుకోలేదు. పది రోజుల తర్వాత వాళ్లమ్మ ఫోను నుంచి సందేశం వచ్చింది. అక్కడ బన్ టిక్కీ లేదట. దాబేలి అని ఉందట, బన్నులో బంగాళాదుంప ముద్ద, వేరుశనగపప్పు, పైన దానిమ్మ గింజలు. “బర్గర్‌లో దానిమ్మ ఏమిటి మేడమ్! తియ్యగా ఉంది. 2/5.”

నిన్న ఇంకో సందేశం వచ్చింది. దాన్ని మూడున్నర చేసిందట.